ఏసీ తీసేయమన్నాడు

మా నబీ రసూల్ కారులో ఏసీ చచ్చిపోయి ఆరేళ్లయింది. ఆ సంగతి నాకూ, మా మనవరాలు ఫిర్దోస్‌కూ తప్ప ఇంకెవరికీ తెలియకుండా వాడు ఆరు ఎండాకాలాలు నెట్టుకొచ్చాడు. కొడుకు గొప్ప చెప్పుకోవడం తల్లులకు అలవాటే కాబట్టి చెబుతున్నాను. మే నెలలో, మా అనంతపురం ఎండల్లో, నాలుగు అద్దాలూ బిగించుకుని ఏసీ లేని కారు నడిపిన మొనగాడు మావాడొక్కడే.

ఆ కారు ధర్మవరంలో పట్టుచీరలు అమ్మే ఈశ్వరప్ప దగ్గర కొన్నది. తెల్లది. ఫిర్దోస్ కంటే రెండేళ్లు పెద్దది. తాళం చేతిలో పెడుతూ ఈశ్వరప్ప, "ఇది బండి కాదప్పా రసూలూ, ఊటీ" అన్నాడట. మొదటి ఎండాకాలం నిజంగానే ఊటీ. అంగడి మూసి ఇంటికొచ్చాక కూడా వాడు కారు దిగేవాడు కాదు. సంగటి ప్లేటు కారులోకే తెప్పించుకునేవాడు. రెండో ఏడు ఉగాది దాటగానే అది గురగురమని, వేడిగాలి ఊదడం మొదలుపెట్టి, పది రోజులకు ఊదడం కూడా మానేసింది.

ఇంకొకరైతే అద్దం దించి గాలి పీల్చుకుందురు. మావాడికి అప్పటికే రాప్తాడులో పేరు పడిపోయింది. మా వీధిలో రసూల్‌లు ముగ్గురు. కోళ్ల రసూల్, వెల్డింగ్ రసూల్, మావాడు ఏసీ రసూల్. వాళ్ల నాయన నలభై ఏళ్లు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని యాడికి అనే ఊరి నుంచి బత్తలపల్లె దాకా తిరిగితే ఆయన్ని దూదేకులాయన అనే అన్నారు. వీడు అనంతపురంలో పరుపుల అంగడి పెట్టినా పరుపులోడు అన్నారు. పేరు ముందుకు ఏసీ వచ్చి కూర్చున్నాక, దాన్ని దించడానికి వాడికి ప్రాణం ఒప్పలేదు.

అందుకని దానికో పద్ధతి పెట్టుకున్నాడు. కారు దిగే ముందు సీటు కింది టవలు తీసి మొహం, మెడ, చేతులు తుడుచుకుంటాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంటుంది కనుక జనానికి వీపు చూపించడు, పక్కకు పక్కకు నడుస్తాడు. నాలుగడుగులు వేసి చేతులు రుద్దుకుంటాడు, చలికి రుద్దుకున్నట్టు. వెనక సీటు మీద ఒక ఉన్ని శాలువ మడిచి పెట్టాడు. ఎందుకురా అని అడిగితే, "ఏసీ పడనోళ్లు ఎక్కుతారు కదమ్మా, కప్పుకోనీకి" అన్నాడు. ఆ శాలువను చూస్తేనే నాకు చెమటలు పోసేవి.

ఇదంతా నవ్వుకుంటూ భరించేదాన్నే, మా అక్క సంగతి లేకపోతే.

మా అక్క ఖాసీంబీది యాడికి. ఎనభై నాలుగేళ్లు. మా అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు, అక్కకు పది. అన్నం పెట్టింది, జడ వేసింది, కొట్టింది, అన్నీ అక్కే. నా పేరు మహబూబున్నీసా. అంత పొడుగు పేరు నోరు తిరగక నన్ను మాబున్నిని చేసింది కూడా అక్కే. ఇప్పుడు నన్ను అట్లా పిలిచేవాళ్లు భూమ్మీద ఇంకెవరూ లేరు. అందరికీ నేను జేజినో, అవ్వనో, ఏసీ రసూల్ వాళ్లమ్మనో.

రెండేళ్లుగా అక్కకు పేర్లు పోతున్నాయి. ముందు అల్లుళ్ల పేర్లు పోయాయి. పోతే పోనీ, వాళ్లతో ఏం పని. తరువాత మనవలవి పోయాయి. మొన్న రంజాన్‌కు, ఇరవై నాలుగ్గంటలూ చాకిరీ చేసే కూతురు నాజ్‌నీన్‌ను పట్టుకుని, "ఎవరి కోడలివమ్మా నువ్వు, మంచిదానివిగా ఉండావే" అన్నదట. నాజ్‌నీన్ నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

"నీ పేరు ఒక్కటే మిగిలింది చిన్నమ్మా. లేస్తూనే మాబున్ని యాడ, మాబున్ని తినిందా అంటాది. అది గూడా పోకముందే ఒక్కసారి వచ్చిపో."

ఆ వారమే బయలుదేరాం. అదే కారు, అవే అద్దాలు. గార్లదిన్నె దాటేసరికి నా కడుపులో తిప్పడం మొదలైంది.

"అద్దం దించరా" అన్నాను.

"దించితే ఏసీ అంతా బయటికి పోతాదమ్మా."

లేనిది ఎట్లా పోతుందని అడగబోయాను. మాటకు బదులు వాంతి వచ్చింది. ఆ శాలువ పనికొచ్చింది ఆ ఒక్కసారే. వాడు కారు వెనక్కి తిప్పి నన్ను ఇంట్లో పడేసి, అమ్మకు ప్రయాణం పడదని అందరికీ చెప్పాడు. బస్సులో పోతానంటే నా మోకాళ్లు ఆ మెట్లు ఎక్కవు. ఎవరైనా ఎత్తి కూర్చోబెట్టినా సరే పోతానన్నాను. "ఇంట్లో ఏసీ కారు పెట్టుకోని తల్లిని బస్సెక్కించినాడంటారు" అన్నాడు. అట్లా వాడి ఏసీ నాకూ మా అక్కకూ మధ్య రెండు నెలలు అడ్డం కూర్చుంది.

మే నెలలో ఒక సోమవారం పొద్దున నన్ను మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోతూ ఉండగా, ఇంజన్ లోపల పందిని కోసినట్టు అరుపు వచ్చింది. తరువాత కాలిన రబ్బరు వాసన. హైవే పక్కన ఓబిలేష్ షెడ్డు దగ్గరే ఆగింది, అది దాని పుణ్యం.

ఓబిలేష్ మంచి పనివాడు. మాట తక్కువ. చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాడు, అదే వాడితో చిక్కు. ఒకసారి ప్రతాప్ సారు తన స్కూటరు ఇచ్చి, "దీన్ని బాగా కడిగి చూడు ఓబిలేషూ" అని బడికి పోయాడట. సారు సాయంత్రం వచ్చేసరికి ఓబిలేష్ స్కూటరు కడిగి, ఎదురుగా స్టూలు వేసుకుని చూస్తూ కూర్చున్నాడట. "ఇంగా ఎంతసేపు చూడాల సార్" అని అడిగాడట.

రసూల్ అంగడికి ఎవరో పెళ్లివాళ్లు పరుపులు చూడటానికి వస్తున్నారు. "బెల్టు వేసిపెట్టు, మధ్యాహ్నం వస్తా" అని చెప్పి, తెలిసినవాడి మోటారుసైకిలు ఎక్కి వెళ్లిపోయాడు. నేనూ ఫిర్దోస్ షెడ్డులో, ఏదో జీపు నుంచి ఊడదీసిన సీటు మీద కూర్చున్నాం. గోడలు లేని షెడ్డు. నాలుగు వైపుల నుంచీ గాలి. ఆరేళ్లుగా మావాడు అమ్మకు ఇవ్వలేనిది ఓబిలేష్ ఊరికే ఇచ్చాడు.

అప్పుడు నాజ్‌నీన్ ఫోన్ వచ్చింది.

"చిన్నమ్మా, ఈ పొద్దు అమ్మ లేచి టీ తాగింది. నీ పేరు ఎత్తలేదు."

"నిద్రమత్తులో ఉండాదేమో లేమ్మా."

"నేనే అడిగినా. మాబున్నిని పిలిపిద్దామా అంటే, చానాసేపు తల గోక్కోని, ఆ... మాబున్ని అనింది. ఇంగెన్ని దినాలుంటాదో చెప్పలేను."

ఫోన్ ఫిర్దోస్ చేతికిచ్చి నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. అట్లా కూర్చోవడం నా అలవాటు కాదు. ఓబిలేష్ కూడా గమనించినట్టున్నాడు.

"ఏమవ్వా, యాడికి పోవాల?"

"యాడికికే నాయనా."

"అదే, యాడికి అని."

"ఓరి నాయనా, ఊరి పేరే యాడికి. మా అక్క ఊరు. బండి అంత దూరం పోతాదా?"

అతను చేతులు తుడుచుకున్నాడు. "ఇట్ల పోదు. ఏసీ తిప్పే చక్రం బిగుసుకోనుండాది. బెల్టు దాని మీదుగా పోవాల. అది తిరగదు, ఇది రుద్దుకోని కాలిపోతాది. కొత్తది వేసినా దారిలో పామిడి గూడా చేరదు."

"ఏం చేస్తే చేరుతాది?"

"ఏసీ మొత్తం పెరికేసి, పొట్టి బెల్టు వేస్తే చేరుతాది. కానీ అన్నను అడగాల. అడక్కుండా నేను చెయ్యను."

అడిగాడు. చేతులకు గ్రీసు ఉండటంతో ఫోన్ బానెట్ మీద పెట్టి స్పీకరు వేశాడు. అవతల అంగట్లో ఆడవాళ్ల మాటలు, పరుపులు దబదబ కొడుతున్న చప్పుడు.

"అన్నా, ఏసీతోనే తంటా. ఏం చేద్దాము?"

మావాడికి ఏసీ అన్న మాట చెవిన పడింది. చుట్టూ పెళ్లివాళ్లు. గొంతు పెద్దదయింది.

"ఏమప్పా, ఏసీ ఆడతాండాదా? బండిలో మనిషి లేనప్పుడు ఏసీ ఎందుకప్పా, తీసేయ్."

"తీసేయమంటావా?"

"తీసేయప్పా."

"మొత్తమా అన్నా?"

"సగం తీసేదుంటాదా. మొత్తం తీసేయ్. ఈడ గిరాకీ ఉండాది, పెట్టేయ్."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా అత్తకు ఆర్పడం అనే మాట పడేది కాదు. అది చావు మాట అనేది. నేను కొత్తకోడలిగా వచ్చిన మొదటి సాయంత్రం, దీపం ఆర్పనా అత్తా అన్నందుకు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అప్పటినుంచీ మా ఇంట్లో దీపం తీసేయ్, లైటు తీసేయ్, ఫ్యాను తీసేయ్, టీవీ తీసేయ్. ఆమె పోయి ముప్పై ఏళ్లయినా మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఏదీ ఆర్పలేదు. కాబట్టి రసూల్ ఏమన్నాడో నాకు తెలుసు. ఫిర్దోస్‌కు తెలుసు. తెలియనిది ఓబిలేష్‌కు ఒక్కడికే.

ఫిర్దోస్ నోరు తెరిచింది. బీకాం చదివిన పిల్ల, నిజం చెప్పే జబ్బుంది. నేను దాని తొడ మీద గిల్లాను.

"జేజీ, నాయన చెప్పింది ఆ తీసేయడం..."

"గమ్మునుండవే."

ఓబిలేష్ నా వైపు తిరిగాడు. "అవ్వా, అన్న తీసేయమన్నాడు కదా. నువ్వూ ఇన్నావు కదా."

"ఇన్నా నాయనా. మొత్తం అని గూడా అన్నాడు."

అందులో అబద్ధం ఎక్కడుందో మీరే చెప్పండి.

ఇక అతను ఆగలేదు. బానెట్ ఎత్తి, ముందున్న జాలీ ఊడదీశాడు. రేడియేటరుకు అడ్డంగా ఇంకో జాలీ ఉంది, దుమ్ముతో చాప మాదిరి మూసుకుపోయి. అది ఏసీదట. ఇంజన్‌కు గాలి తగలకుండా ఆరేళ్లుగా అదే అడ్డుకుంటోందట. లోపలి నుంచి పైపులు పాముల్లాగా బయటికి వచ్చాయి. బిగుసుకున్న ఆ చక్రాన్ని, దాని వెనక ఇనుప ముద్దను దించడానికే గంట పట్టింది. గ్యాసు బుస్సుమంటుందేమోనని ఫిర్దోస్ దూరం జరిగింది. అది బుస్సనలేదు. గ్యాసు పోయి ఎన్నాళ్లయిందో.

ఆ తరువాత ముందు సీటు ఎదురుగా ఉండే అరలు విప్పి, లోపలున్న చల్లగాలి డబ్బా బయటికి లాగాడు. టీ ఇవ్వడానికి వచ్చిన పక్కంగడి ఓబమ్మ కూడా ఆగి చూసింది. డబ్బా మూత తీస్తే లోపల కాపురం కనిపించింది. శనక్కాయ పొట్టు, ఎవరిదో పెళ్లి కార్డు ముక్కలు, వీటి మధ్యలో మెత్తగా పరిచిన తెల్లటి బూరుగు దూది. నాలుగు ఎలుక పిల్లలు, ఇంకా కళ్లు తెరవనివి.

ఓబమ్మ టీ గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వింది. "ఏసీ రసూల్, ఏసీ రసూల్ అంటే ఏమో అనుకుంటి. ఏసీలో ఉండేది వీళ్లా."

"నాయన అంగట్లో పరుపుల్లో కూడా ఇంత మంచి దూది లేదు జేజీ" అంది ఫిర్దోస్.

అది నిజమే. అంగట్లో అమ్మేది స్పాంజి.

ఓబిలేష్ ఎలుక పిల్లల్ని దూదితో సహా ఒక డబ్బాలో వేసి షెడ్డు వెనక పెట్టాడు. విప్పినవన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టాడు. పొట్టి బెల్టు వేసి స్టార్టు చేశాడు. ఆ కారు అంత మెల్లగా మాట్లాడగలదని నాకు అప్పుడే తెలిసింది.

ఒంటి గంటకు రసూల్ వచ్చాడు. కారు చప్పుడు విని ముందు సంతోషపడ్డాడు. తరువాత గోనెసంచి చూశాడు. సంచిలోంచి పైపు ముక్క బయటికి కనిపిస్తోంది.

"ఇదేందప్పా?"

"ఏసీ అన్నా."

"ఏసీ సంచిలో ఎందుకుండాది?"

"తీసేయమంటివి కదా."

వాడి మొహం రంగు మారింది. "తీసేయమంటే... ఆపేయమని కదప్పా. పెరకమన్నానా?"

"ఆపేయమని అనలేదన్నా. మొత్తమా అని గూడా అడిగితిని."

"మీ ఇంట్లో లైటు తీసేయ్ అంటే వైరు పెరుకుతావా?"

ఓబిలేష్ సంచి మూతి ఇంకోసారి బిగించాడు. "మా ఇంట్లో ఆర్పేయ్ అంటామన్నా."

రసూల్ నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వీడనే ఉంటివి కదా."

"ఉంటిని."

"చెప్పలేకపోతివా?"

"నువ్వంత గట్టిగా చెప్పినాక నేనేం చెప్పాల్రా."

"మళ్లా బిగించు" అన్నాడు ఓబిలేష్‌తో.

"బిగిస్తా. నాలుగు దినాలు పడతాది." ఓబిలేష్ గొంతు తగ్గించే మనిషి కాదు. "కానీ ఎందుకన్నా, ఇది ఆడి ఆరేండ్లయ్యుంటాది. గ్యాసే లేదు."

"మెల్లగా మాట్లాడప్పా."

అప్పటికే ఓబమ్మ అంగడి దగ్గర టీ తాగేవాళ్లు నలుగురు ఇటు తిరిగారు. ఓబమ్మ గ్లాసులు కడుగుతూ కేక వేసింది.

"ఏమప్పా రసూలూ, ఏసీ పెరికించినావంటనే?"

మావాడు సంచి చూశాడు, నన్ను చూశాడు, ఆ నలుగురినీ చూశాడు. చేయి దానంతటదే జేబురుమాలు తీసి మెడ తుడిచింది. ఆరేళ్ల గొప్ప నిలబెట్టుకోవడానికి వాడికి ఉన్నది ఒక్క నిమిషం. వాడు నా కొడుకే, తెలివి లేకపోలేదు.

"మా అమ్మకు పడదు కదక్కా" అన్నాడు, అందరికీ వినపడేటట్టు. "ఆ చలికి ఆమె ఒళ్లు తట్టుకోదు. తల్లి కంటే ఏసీ ఎక్కువా అనుకోని నేనే తీసేయమంటి. బంగారమట్లాంటి ఏసీ."

టీ తాగేవాళ్లలో ఒకాయన తల ఊపాడు. "ఇట్లాంటి కొడుకులు ఈ కాలంలో యాడుండారప్పా."

ఓబమ్మ నన్ను చూసి, మళ్లీ గ్లాసులు కడగడంలో పడింది. నేను కర్ర ఊతంతో లేచి నిలబడ్డాను. ఇట్లాంటి గడియ మళ్లీ రాదు.

"నిజమేనప్పా" అన్నాను. "నా కోసమే తీయించినాడు, నా బిడ్డ. ఇప్పుడే నన్ను యాడికికి మా అక్క దగ్గరికి పిలుచుకోని పోతాడంట. ఎండను గూడా లెక్కజేయకుండా."

నలుగురూ చూస్తున్నారు. రసూల్ కారు తలుపు తీసి నన్ను పట్టుకుని కూర్చోబెట్టాడు. పట్టుకోవడం కొంచెం గట్టిగానే పట్టుకున్నాడు.

అద్దాలు దించబోతే తిరగలేదు. ఆరేళ్లుగా ఎవరూ తిప్పలేదు కదా, అన్నీ పట్టేశాయి. ఓబిలేష్ నాలుగు తలుపులకూ నూనె పోసి, ఒక్కొక్కటే తిప్పి దించాడు. ఒకటి కిర్రుమంది, ఒకటి సగంలో ఆగి కొట్టించుకుంది. నాలుగూ దిగాక గాలి కారులోకి ఒక దారిన వచ్చి ఇంకో దారిన పోయింది.

దారంతా గాలి పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు ఉంది. అయినా అది గాలి. గార్లదిన్నె దాటాం, నా కడుపు కదల్లేదు. రోడ్డుకు రెండు పక్కలా దున్ని వానకోసం వదిలిపెట్టిన ఎర్రచేలు, వాటి మీద సుడిగాలులు. దుమ్మంతా మా ఒడిలోకే. ఫిర్దోస్ చున్నీతో మొహం కట్టుకుంది. నేను కట్టుకోలేదు.

పామిడిలో నీళ్లకు ఆగినప్పుడు, రసూల్‌కు తెలిసిన బట్టలాయన ఎదురొచ్చి అద్దాలెందుకు దించినావని అడిగాడు. ఏసీ అమ్మకు పడదని డాక్టరే తీయించమన్నాడని మావాడు చెప్పాడు. యాడికి చేరేసరికి ఆ డాక్టరు హైదరాబాదు డాక్టరయ్యాడు. నాజ్‌నీన్ గడపలో, చెప్పులు విడవకముందే, "కంపెనీవాళ్లు బతిమాలినారు, తీసేయొద్దన్నారు, తల్లి ముఖ్యమని నేనే వినలేదు" అన్నాడు. నాజ్‌నీన్ కళ్లనీళ్లు పెట్టుకుంది. వాడు ఎన్నయినా చెప్పుకోనీ, చెప్పుకునే చోటికి నన్ను తెచ్చాడు కదా.

అక్క మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నాజ్‌నీన్ లేపి కూర్చోబెట్టింది. చిన్నగా అయిపోయింది మా అక్క, పిల్ల మాదిరి. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. చూసి, చూసి, తల పక్కకు వాల్చింది. నేనుగా చెప్పకూడదనుకున్నాను. చెప్పించుకోవడానికి కాదు కదా ఇంత దూరం వచ్చింది.

అక్క చేయి చాచి నా తల మీద పెట్టింది. వేళ్లకు ఎర్రదుమ్ము అంటింది. ఆ వేళ్లు చూసుకుంది.

"యాడ పొర్లొచ్చినావే ఇంత మన్ను, మాబున్నీ" అంది కోపంగా. "తల దువ్వి ఇంగా ఎంతసేపయింది."

ఎనభై దగ్గరపడిన ముసలిదానికి అట్లా తిట్లు తినడం ఎంత బాగుంటుందో తిన్నవాళ్లకే తెలుస్తుంది. నేను తల వంచుకుని మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాను. మోకాళ్లు ఏమన్నాయో నాకు వినపడలేదు. అక్క పైట కొంగుతో నా మొహం తుడిచింది, గట్టిగా, చర్మం ఊడేటట్టు. నాజ్‌నీన్ దువ్వెన తెచ్చి ఇచ్చింది. ఉన్న నాలుగు వెంట్రుకలనూ అక్క చిక్కు తీసి జడ వేసింది.

రసూల్ పొద్దు గుంకకముందే బయలుదేరాడు. నేనూ ఫిర్దోసూ పది రోజులు ఉంటామన్నాను. వాడు కాదనలేదు. గడపలో నిలబడి ఫిర్దోస్ చూసి వచ్చి చెప్పింది.

"వీధి చివరి దాకా అద్దాలు దించే ఉన్నాడు జేజీ. మలుపు కాడ బండి ఆపి, నాలుగూ ఎత్తుకున్నాడు."

నాజ్‌నీన్ లోపల రొట్టెలు కొడుతోంది. అక్క నా జడ వైపు చూసింది, దాన్ని ఎవరు వేశారో తెలియనట్టు. తరువాత నా మొహం చూసింది.

"ఎవరమ్మా నువ్వు?"

"నేనక్కా, మాబున్నిని."

"మాబున్ని ఇంగా రాలేదు" అంది అక్క నాకు నచ్చజెప్పుతున్నట్టు. "వస్తాది, బయట ఆడుకుంటాండాది. కూచో, అది వచ్చినాక ఇద్దరికీ కలిపి పెడతా."

సరేనక్కా అని కూర్చున్నాను.